పెరటి ముచ్చట్లు: ఇంటితోపాటు వచ్చిన గులాబీలు

బెంగుళూరు బసవనగుడి నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరమే ఈ నెల మన ముచ్చట. వారాయన మేనత్తగారు కాలం చేశాక ఇల్లు వీరికి సంక్రమించింది. ఇంటితోపాటు ముందు జాగాలో ఎనిమిది గులాబీ చెట్లూ వచ్చాయి. ఒక్కదానికీ పేరు తెలియదట. "తోటమాలి అన్నింటినీ మోకాలెత్తుకు నరికితేనే బాగుపడతాయంటున్నాడు. మా అత్తగారేమో, మా వదినగారి చేతి చెట్లు, కత్తి తగలనివ్వవద్దంటున్నారు. పైగా ఒకప్పుడు ఎర్రగా పూసిన చెట్టు రెండేళ్ళుగా లేత గులాబీ రంగు పూస్తోంది. ఖాళీ ఇంటికి దిష్టి తగిలిందంటున్నారు. ఎవరి మాట వినాలి అక్కయ్యగారూ?" అని అడిగారు.

అమ్మాయీ, ఇద్దరి మాటా నిజమే, కాని రెండూ ఒకే చెట్టుకు చెల్లవు. కొన్నింటికి కత్తిరింపు ప్రాణం పోస్తుంది, కొన్నింటికి ఆ యేటి పూలన్నీ పోగొడుతుంది. ఏది ఏ జాతిదో తెలిసికొన్నాకనే కత్తెర పట్టాలి. దిష్టి సంగతి కూడా తరువాత తేలుస్తాను.

ఈ చిక్కు ఒక్క ఇంటిది కాదు. ప్లేగు వచ్చిన 1898 ప్రాంతంలో వేసిన బసవనగుడి, మల్లేశ్వరం పేటలలోనే కాదు, మనవాళ్ళు తరాలుగా కాపురమున్న ఏ ఊళ్ళోనైనా పాత ఇళ్ళు ఇప్పుడు మనుమల చేతికీ, మునిమనుమల చేతికీ వస్తున్నాయి. పత్రాలలో గోడలూ, బావీ, హద్దులూ ఉంటాయి. చెట్ల పేర్లు ఉండవు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నట్లు, మొదటి నెలలోనే ముందు జాగా చదును చేసి కుండీలు పెట్టుకొనేవారు చాలామంది. అట్లా పోయిన గులాబీ మళ్ళీ ఏ నర్సరీలోనూ దొరకకపోవచ్చు.

అందుచేత మొదటి యేడు చేయవలసిన పని నరకడం కాదు, చూడడం. ఒక కాగితం మీద జాగా గీసి, చెట్లు ఉన్న చోట ఒకటి, రెండు అని అంకెలు వేసికోండి. ప్రతి చెట్టుకూ అదే అంకె వ్రాసిన బిళ్ళ కట్టండి. ఏ నెలలో పూసింది, కొమ్మకు ఒక్క పువ్వా గుత్తులా, మొగ్గ కోలగా ఉందా గుండ్రంగా ఉందా, వాసన ఎట్లా ఉంది అనేవి ఒక పుస్తకంలో వ్రాయండి. చేతిలో ఫోను ఉంటే పువ్వునూ, ఆకునూ, ముల్లునూ వేరువేరుగా ఫోటో తీసి పెట్టండి. పువ్వొక్కటే చూచి పేరు చెప్పడం పెద్ద పనివాళ్ళకూ కష్టమే.

ఈలోగా ఒక్క పనికి మాత్రం ముహూర్తం అక్కరలేదు. ఎండిన కొమ్మలు తీసివేయవచ్చు. ఎండినదో కాదో అనుమానముంటే బెరడు మీద గోటితో చిన్నగా గీయండి. లోపల పచ్చగా ఉంటే బ్రతికి ఉన్నట్టే. గోధుమరంగుగా పెళుసుగా ఉంటే తీసివేయండి. ముదురు కాండం మీద పొలుసు పురుగు పొక్కులు పొక్కులుగా పట్టి ఉంటే, పాత పళ్ళబ్రష్షును సబ్బునీళ్ళలో ముంచి రుద్ది కడగండి.

ఇక జాతులు. మన ఇళ్ళలో కనిపించేవాటిని అయిదు తరగతులుగా చూస్తే చాలు. పొడుగాటి కొమ్మ చివర ఒక్కొక్కటే పెద్ద పువ్వు, కోలమొగ్గ ఉంటే అది హైబ్రిడ్ టీ. ఈ తరగతికి 1867లో ఫ్రాన్సులో వచ్చిన లా ఫ్రాన్స్‌ను మొదటిదిగా లెక్కపెడతారు. 1945లో వచ్చిన పీస్ అనే పసుపు, గులాబీ కలిసిన రకం లోకమంతా ప్రాకింది. మధ్యరకం పువ్వులు గుత్తులుగా పూస్తే ఫ్లోరిబండా. రూపాయి బిళ్ళంత పూలు బోలెడు పూస్తే పాలియాంథా, లేక మనం బటన్ రోజా అనే చిట్టి జాతి. పది పన్నెండు అడుగుల తీగలు సాగి గోడనో పందిరినో పట్టుకొంటే తీగ గులాబీ.

అయిదవది మన పూజగదులకూ, పూలదండలకూ బాగా తెలిసినది. లేత గులాబీ రంగు, రెమ్మలు వదులుగా, పన్నీరు వాసన. తమిళ దేశంలో పన్నీర్ రోజా అంటారు, తోటలవాళ్ళు ఎడ్వర్డ్ రోజా అంటారు. ఈ ఎడ్వర్డ్ ఇంగ్లీషు దొర కాదు. హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ అని పిలిచే ద్వీపం ఆ రోజుల్లో బుర్బోఁ. అక్కడ దడులుగా వేసిన చీనా గులాబీ, డమాస్కు గులాబీ కలిసి తమంత తామే పుట్టించిన జాతి ఇది. 1817 ప్రాంతంలో ఆ ద్వీపపు తోటల అధికారి బ్రెయోఁ దీనిని గమనించి విత్తనాలు పారిసుకు పంపాడు. ఆ ద్వీపపు ఎదువార్ పేరే మన నోళ్ళలో ఎడ్వర్డ్ అయింది. యానాం సోదరీమణులకు ఇంకొక మాట: 1828-29లో మన యానాం నుండి తెలుగు కూలీలు ఓడలెక్కి వెళ్ళింది ఆ ద్వీపానికే.

దండలకు వాడే ఇంకొక చిన్న ఎర్రగులాబీని తమిళనాడు తోటలలో ఆంధ్రా రెడ్ అంటారు. మన పేరు పెట్టుకొని పరాయి ఊళ్ళో స్థిరపడిన పువ్వు గనుక చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇప్పుడు దిష్టి సంగతి. అంగడిలో కొన్న గులాబీ సాధారణంగా రెండు మొక్కల కలయిక. క్రింద వేళ్ళది ఒక జాతి, పైన పువ్వుది ఇంకొక జాతి. వేళ్ళ మొక్క మీద మంచి జాతి కన్ను అంటుకట్టి పెంచుతారు. మన దేశంలో ఆ అడుగు మొక్కగా వాడేవాటిలో ఎడ్వర్డ్ ఒకటి, మల్టీఫ్లోరా అనే గుత్తి గులాబీ మరొకటి. ఇల్లు ఖాళీగా ఉండి చూచేవారు లేకపోతే, అడుగు మొక్క నుండి పిలకలు లేచి బలమంతా లాగుకొంటాయి. పైన ఉన్న ఎర్రగులాబీ క్రమంగా ఎండిపోతుంది. చెట్టు రంగు మార్చుకొన్నట్లు మనకు తోస్తుంది. నిజానికి ఒక చెట్టు పోయి ఇంకొక చెట్టు పూస్తోందన్నమాట. ఎండల్లో పువ్వు రంగు కొంత వెలవడం వేరే సంగతి. పువ్వు ఆకారమూ, వాసనా కూడా మారితే మాత్రం ఇదే కారణమనుకోవాలి.

ఆ చెట్టు మొదట్లో మట్టిని చేత్తో మెల్లగా తొలగించి చూడండి. కాండం ఒకచోట ముడిలా ఉబ్బి ఉంటుంది. అదే అంటు. ఆ ముడికి క్రిందనుండి వచ్చిన కొమ్మలు అడుగు మొక్కవి, పైనుండి వచ్చినవి అసలు గులాబీవి. ఏడేసి చిన్నాకులుంటే అడవిదనీ, అయిదేసి ఉంటే మంచిదనీ కొందరంటారు. ఆ లెక్కను నమ్మి కత్తి పట్టకండి. మంచి జాతుల్లోనూ ఏడాకులవి ఉన్నాయి. ముడి చూడడమే నమ్మకమైన గుర్తు. మల్టీఫ్లోరా అయితే ఇంకొక గుర్తు కూడా ఉంది: ఆకుకాడ మొదట్లో రెండు పక్కలా అంటుకొని ఉండే చిన్న రెక్కకు ఈకలవంటి చీలికలుంటాయి.

ముడి పైన బ్రతికి ఉన్న కొమ్మ ఒక్కటి ఉన్నా అత్తగారి వదినగారి ఎర్రగులాబీ దక్కినట్టే. క్రింది పిలకలను కత్తిరించకండి. కత్తిరిస్తే ఒకటికి నాలుగు లేస్తాయి. అవి పుట్టిన చోటిదాకా మట్టి తీసి, గట్టిగా పట్టుకొని క్రిందికి లాగి ఊడదీయండి. పై కొమ్మకు ఎండ తగలనిచ్చి, ఎరువు వేయండి. అది కోలుకొన్నాక, అంటుకట్టడం తెలిసిన మాలి చేత దాని కన్ను ఒకటి రెండు వేరే మొక్కల మీద కట్టించండి. ఒకే చెట్టును నమ్ముకొని కూర్చోకూడదు. ముడి పైన ఏమీ మిగలకపోతే ఎర్రగులాబీ లేనట్టే. దాని వేళ్ళ మీద పూస్తున్నది ఎడ్వర్డ్ అయితే దానిని పారవేయకండి. దేవుడి పటానికి అంత వాసనగల పువ్వు ఏ అంగడిలో దొరుకుతుంది?

ఇందులో ఒక ముఖ్యమైన హెచ్చరిక ఉంది. పూర్వం ఇళ్ళలో గులాబీలు ఎక్కువగా ఇరుగుపొరుగుల దగ్గర కొమ్మ తెచ్చి నాటినవే. వాటికి అంటూ లేదు, ముడీ లేదు. మొదట్లోనుండి లేచే పిలకే వాటి మరుతరం. ముడి లేని చెట్టుకు పిలకలు పీకితే ముసలి కాండంతోపాటు చెట్టు కూడా పోతుంది. ముందు ముడి ఉందో లేదో చూడకుండా ఏ పిలకా ముట్టవద్దు.

కత్తిరింపుకు కాలం వానలు వెనకబట్టాక. తడి రోజుల్లో కోస్తే కోసిన చోటు నల్లబడి, ఆ నలుపు క్రిందికి దిగి కొమ్మంతా ఎండుతుంది. పూనాలో అక్టోబరులోనే చేయవచ్చు. బెంగుళూరులో అక్టోబరు చివరనుండి నవంబరు దాకా, తుఫాను వానలు పడే బరంపురం, యానాంలలో నవంబరు చివర, చెన్నపట్నంలో డిసెంబరు మేలు. కోసిన నలభై అయిదు రోజులకు సుమారుగా పూలు వస్తాయి. నవంబరు నెలాఖరున కోస్తే సంక్రాంతికి పూస్తాయని లెక్క.

ఇక పద్ధతి. హైబ్రిడ్ టీకి ఆరోగ్యంగా ఉన్న నాలుగైదు కొమ్మలుంచి, వాటిని సగానికి తగ్గించండి. ఎడ్వర్డ్‌కూ ఆ యేటి కొమ్మలు సగానికి కోయవచ్చు. అంటే తోటమాలి మాట ఈ రెండింటికీ చాలావరకు సరిపోతుంది. గుత్తులు పూసేవాటికి మూడోవంతు చాలు. బటన్ రోజాకు ఆకారం సరిచేస్తే చాలు. తీగ గులాబీని మోకాలెత్తుకు నరికితే మళ్ళీ తీగ సాగేదాకా పూల ఆశ ఉండదు. దాని ముఖ్యమైన తీగలను ఉంచి, పక్క రెమ్మలు మాత్రం రెండు మూడు కన్నులుంచి కోసి, తీగను అడ్డంగా వంచి కట్టండి. అప్పుడు ప్రతి కన్నూ చిగురిస్తుంది. యేడాదికి ఒక్కసారే పూసే జాతి ఉందని మీ పుస్తకం చెబితే, దానిని పూలయ్యాక కోయాలి, ముందు కాదు. అత్తగారి మాట ఇక్కడ నెగ్గుతుంది.

ముసలి చెట్టుకు ఒక్కసారిగా క్షౌరం చేయవద్దు. అన్నింటికంటె ముదిరిన కాండాలలో మూడోవంతు ఈ యేడు, మరికొన్ని పై యేడు, ఇట్లా మూడేళ్ళలో కొత్తది చేసికోవాలి.

కత్తెర పదునుగా, శుభ్రంగా ఉండాలి. బయటి వైపు చూచే కన్నుకు పావు అంగుళం పైన ఏటవాలుగా కోయండి. కోసిన చోట నడిమి బెండు తెల్లగా ఉంటే సరి. గోధుమరంగుగా ఉంటే తెల్లదనం కనబడేదాకా ఇంకా క్రిందికి కోయండి. తరువాత బోర్డో ముద్ద పూయాలి. నూరు గ్రాముల మైలుతుత్తం సగం లీటరు నీళ్ళలోనూ, నూరు గ్రాముల సున్నం సగం లీటరులోనూ వేరుగా కలిపి, రెండూ కలపండి. ఇనుప పాత్ర పనికిరాదు. మైలుతుత్తం విషం గనుక పిల్లలకు అందనివ్వకండి. వారం రోజులాగి, మొక్కకు పది కిలోల దాకా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి నీళ్ళు పెట్టండి.

కత్తిరింపులో వచ్చిన మంచి కొమ్మలను పారవేయకండి. పెన్సిలు లావు కొమ్మ, ఏడెనిమిది అంగుళాల పొడవు, నాలుగు కన్నులు చూచుకొని, ఇసుక కలిపిన మట్టిలో నీడపట్టున గుచ్చి, తడి ఆరకుండా చూడండి. ఎడ్వర్డ్ సులువుగా వేరు పడుతుంది. హైబ్రిడ్ టీలు మొండికేస్తాయి గనుక పది గుచ్చితే ఒకటి రెండు దక్కినా చాలు.

చివరకు పేర్లు. లాల్‌బాగులో జనవరిలోనూ ఆగస్టులోనూ జరిగే పుష్పప్రదర్శనాలకు మీ పుస్తకం పట్టుకొని వెళ్ళి, పేరు చీటీలున్న పూలతో పోల్చి చూడండి. 1995లో ఏర్పడిన ఉదకమండలం ప్రభుత్వ గులాబీ తోట పోలికలకు ఇంకా పెద్ద బడి. గోధుమల శాస్త్రజ్ఞుడు డాక్టర్ బి.పి. పాల్ 1966లో ప్రచురించిన "ది రోజ్ ఇన్ ఇండియా" పాత గ్రంథాలయాల్లో దొరికితే చదవదగినది. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. ఉద్యోగం వదలి కొడైకెనాలులో స్థిరపడి కొత్త గులాబీలు సృష్టించిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు, ఆయన భార్య గిరిజ గారు మన దేశపు గులాబీల మీద శ్రద్ధగా వ్రాశారు.

అన్నిటికంటె ముందు ఇంట్లో పెద్దవాళ్ళనడగండి. ఏ చెట్టు ఎవరింటి కొమ్మ, ఏ పెళ్ళినాడు వచ్చింది, ఏ వ్రతానికి ఆ పూలు కోసేవారు అన్నది వాళ్ళకు తెలిసినంత పుస్తకాలకు తెలియదు. వాళ్ళు చెప్పింది చెట్టు అంకె ప్రక్కనే వ్రాసికోండి. శాస్త్రంలో పేరు దొరక్కపోతే, నాటినవారి పేరే ఆ చెట్టుకు పేరు. కాగితపు చీటీలు వానకు పోతాయి గనుక, అల్యూమినియం రేకు ముక్క మీద మేకుతో గీసి, రాగితీగతో వదులుగా కట్టండి. బిగించి కడితే కొమ్మ లావయ్యే కొద్దీ తీగ కోసుకుపోతుంది.

బరంపురం, పూనా, హోసూరు సోదరీమణులు తమ ఊళ్ళో ఏ నెలలో కత్తిరిస్తారో, ఎన్ని రోజులకు పూశాయో వ్రాస్తే, అందరికీ పనికివచ్చేట్టు ఒక పట్టిక వేద్దాము. వచ్చే నెల కరివేపాకు ముచ్చట.