రథములు రెండు – సారథి ఒక్కడే

హీనమునకును ఉత్తమమునకును మధ్య ఎన్నిక సులభము. రెండును ఉత్తమములై ఎదుట నిలిచినప్పుడే బుద్ధికి నిజమైన పరీక్ష ఎదురగును. ఈ పరీక్ష వేదాంత విచారమున మాత్రమే కాక, నేటి సంపన్న గృహస్థుని ఇంటి ముంగిట కూడ కనబడుచున్నది. వేగమునకును విలాసమునకును ప్రసిద్ధమైన కూపే కారు కొనదలచినవాడు పోర్షె 911 కావలెనా, మెర్సిడెస్ ఏఎంజీ జీటీ కావలెనా అని నెలల తరబడి తర్కించుచు నిద్రకు దూరమగుట అట్టి సంకటమే. సాధకులు దీనిని విని నవ్వి ఊరకుండుట తగదు. అపారమైన ధనము, ఒక కుటుంబము యొక్క క్షేమము, మార్గమున ఎదురగు అపరిచితుల ప్రాణములు ఈ నిర్ణయముతో ముడిపడియున్నవి.

ముందుగా ఆ రెండు రథముల స్వరూపమును నిష్పక్షపాతముగా పరిశీలింపవలెను. రెండింటికిని పుట్టినిల్లు జర్మనీలోని స్టుట్‌గార్ట్ ప్రాంతమే. పోర్షె 911 మొదట 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనమున 901 అను పేరుతో లోకమునకు దర్శనమిచ్చినది. మధ్యలో సున్న గల మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ ఆక్షేపింపగా ఆ పేరు 911గా మారినది. పేరు మారినను దాని స్వభావము మారలేదు. దాని ఇంజను వెనుక ఇరుసునకు కూడ వెనుకనే యుండును. బరువంతయు వెనుక చేరుట వలన, పాత 911 బండ్లలో మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు నుండి హఠాత్తుగా కాలు తీసినచో బండి వెనుక భాగము ప్రక్కకు జారి తిరుగబడెడిది. నిర్మాతలు ఈ దోషమునకు వెరచి ఇంజను స్థానమును మార్చలేదు. దశాబ్దముల కొలది శ్రమించి, స్వభావమును నిలుపుకొనుచు దోషమును మాత్రము శోధించుచు వచ్చిరి. స్వధర్మమును విడువక సంస్కరించుకొనుట అనగా నేమో తెలియుటకు ఇది లౌకికమైన దృష్టాంతము.

ఏఎంజీ సంస్థ 1967లో ఆరంభమైనది. జీటీ అను ఈ కూపే 2014లో వెలువడినది. దీని మార్గము వేరు. ఇంజను ముందు భాగమున, ముందు ఇరుసునకు కొంచెము వెనుకగా నుండును. మొదటి తరమున గేర్‌బాక్సును వెనుక ఇరుసు వద్ద అమర్చి బరువును ఇరువైపుల పంచిరి. 4 లీటర్ల పరిమాణము, 8 సిలిండర్లు, 2 టర్బోలు గల ఆ ఇంజనును ఒకే శిల్పి ఆద్యంతము తన చేతులతో కూర్చి, తన సంతకము గల ఫలకమును దానిపై నిలుపును. కర్త తన కర్మకు బాధ్యుడై పేరు వ్రాసి నిలుచుట గౌరవింపదగిన సంప్రదాయమే.

ఇట్లు రెండును గుణవంతములే. అయినను ఎన్నుకొనువాడు సాధారణముగా ఈ గుణములను చూడడు. నిశ్చల స్థితి నుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమును అందుకొనుటకు ఏది ఎన్ని క్షణములు తీసుకొనును, ఏది సెకనులో పదియవ వంతు ముందు, దేని అశ్వశక్తి ఎంత అను అంకెలయందే అతని మనస్సు చిక్కుకొనును. పతంజలి మహర్షి చిత్తవృత్తులను వర్ణించుచు, శబ్దజ్ఞానమును అనుసరించుచు వస్తువు లేకయే పుట్టు వృత్తిని వికల్పమనిరి. ఆ అంకెలు అసత్యములు కావు. కాని పాఠశాలల ముందును, కూరగాయల బజారుల నడుమను వాహనము నడుపువానికి ఆ పదియవ వంతు సెకను ఏనాటికిని అనుభవమునకు రాదు. అనుభవమున లేనిదానికై కలవరపడుటయే ఇచ్చట వికల్పము. ఈ కలవరమునకు మూలము వాహనముల భేదము కాదు. రెండింటిలో ఏదో ఒకటి తనకు పూర్ణత్వము నిచ్చునను భ్రాంతియే మూలము. ఆ భ్రాంతి తొలగినచో ఎన్నిక అరగంట పని.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. యమధర్మరాజు రథములను, వాహనములను ఇచ్చెదనన్నను నచికేతుడు అవి నీయొద్దనే యుండనిమ్మని తిరస్కరించెను గదా, అట్టి ఉపనిషత్తును నమ్మినవారికి ఈ చర్చ ఏల అని. నచికేతుని వైరాగ్యము పరమ పూజ్యము. అయితే అది అతని అధికారము. ధర్మబద్ధములైన అర్థకామములను శాస్త్రము గృహస్థునకు నిషేధింపలేదు, పురుషార్థములలోనే చేర్చినది. కోరిక లోపల మండుచుండగా పైకి మాత్రము నచికేతుని వలె మాటలాడుట వైరాగ్యము కాదు, మిథ్యాచారము. కావున గృహస్థుడు అడుగవలసిన ప్రశ్న వాహనము తగునా తగదా అనునది మాత్రమే కాదు. దానిని నడుపు బుద్ధి తగినదా అనునది కూడ.

ఈ ప్రశ్నకు భారతమున ఉత్తమమైన ఉదాహరణ కలదు. యుద్ధమునకు పూర్వము దుర్యోధనుడును అర్జునుడును ద్వారకకు పోయిరి. శ్రీకృష్ణుడు వారి ముందు రెండు భాగములుంచెను. ఒకటి మహాబలమైన నారాయణ సేన. రెండవది ఆయుధము పట్టని తాను. ముందుగా కోరుకొను అవకాశము అర్జునునకు లభించెను. అతడు నిరాయుధుడైన కృష్ణుని వరించి, తనకు సారథివి కమ్మని ప్రార్థించెను. సేన తనకు దక్కినందులకు దుర్యోధనుడు సంతోషించెను. బలమును లెక్కించినవాడు బలమును పొందెను. నడుపువానిని ఎన్నుకొన్నవాడు జయమును పొందెను. నేడు వాహన విక్రయశాలలో అశ్వశక్తిని లెక్కించువాడు తెలియకయే దుర్యోధనుని వరుసలో నిలుచుచున్నాడు.

కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను అశ్వములుగను వర్ణించినది. ఈ ఉపమానము నేటి వేగవంతములైన వాహనముల విషయమున ఉపమానముగా కాక ప్రత్యక్ష సత్యముగా నిలుచును. గంటకు 200 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో 55 మీటర్లకు పైగా దూరమును దాటును; రెప్పపాటు పరధ్యానమునకు కూడ అంతటి వెల యుండును. వేగము రెట్టింపైనచో గతిశక్తి నాలుగు రెట్లగును. ఆ శక్తినంతటిని బ్రేకులే హరింపవలెను. జర్మనీలోని ఆటోబాన్ రహదారులపై అనేక భాగములలో వేగ పరిమితి లేకపోయినను, గంటకు 130 కిలోమీటర్లు మించకుండుట మేలని అచ్చటి ప్రభుత్వమే సూచించుచున్నది. ఈ వాహనములు పుట్టిన నేలపైననే అట్టి హితవు కలదన్నచో, పశువులు, పాదచారులు, ఎదురుగా వచ్చు బండ్లు గల మన దారుల సంగతి వేరుగా చెప్పవలసిన పని లేదు. జారుపాటును నివారించు యంత్ర సాధనములు ఈ కార్లలో కలవు. కాని సారథి మదమును నివారించు యంత్రము ఇంకను నిర్మింపబడలేదు.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములలో క్రొత్త వాహనము కొన్నవారు దానిని ఆలయమునకు తెచ్చి పూజ చేయించుట పరిపాటి. పసుపు కుంకుమలు, పూలమాల, కొబ్బరికాయ, చక్రముల క్రింద నిమ్మకాయలు అందరికిని తెలిసినవే. అయితే ఆ పూజకు ప్రాణము నిమ్మకాయ కాదు, సంకల్పము. అర్చకుడు గోత్రనామములు చెప్పి సంకల్పము పలుకుచుండగా యజమాని చేతి దూరవాణిలో ఛాయాచిత్రములు తీసికొనుచున్నచో ఆ సంకల్పము ఎవరిది? "ఈ వాహనము వలన ఏ ప్రాణికిని హాని కలుగకుండ నడిపెదను, మద్యము సేవించి తాకను, పందెములకు దింపను" అని యజమాని స్వయముగా మనస్సున నిశ్చయించుకొన్ననాడే అది వాహనపూజ యగును. లేనిచో నలిగినది నిమ్మకాయ మాత్రమే.

ఇక నిర్ణయమేమి? పసిబిడ్డలు గల గృహస్థునకు 911 మేలు. వెనుక ఆసనములు చిన్నవైనను కలవు; కుటుంబమును విడిచి ఒంటరిగా పోవు సుఖమునకు అది అలవాటు చేయదు. మొదటి తరము జీటీలో ఇద్దరికి మాత్రమే చోటు కలదు. 2023లో వచ్చిన రెండవ తరమున వెనుక ఆసనములను కోరి పొందవచ్చును. బాధ్యతలు తీరిన దంపతులు శిల్పి సంతకము గల ఆ ఇంజను నాదమునందు ప్రీతి కలవారైనచో జీటీని ఎన్నుకొనుట దోషము కాదు. ఏది కొన్నను, రద్దీ దారిపై కాక మూసిన పందెపు పథమున శిక్షకుని సన్నిధిని దాని స్వభావమును నేర్చుకొనుట ప్రథమ కర్తవ్యము. తల్లిదండ్రుల వైద్యమునకు, పిల్లల విద్యకు, ఆశ్రితుల వేతనములకు చెందవలసిన ధనమును మళ్ళించి కొనవలసి వచ్చినచో రెండును వర్జ్యములే. అప్పుడు ప్రశ్న రెండు ప్రేయస్సుల మధ్య కాదు. శ్రేయః ప్రేయస్సుల మధ్య.

అర్జునుని రథము సామాన్యమైనది కాదు. అగ్నిదేవుని కోరికపై వరుణుడు ప్రసాదించినది. యుద్ధాంతమున శ్రీకృష్ణుడు ముందుగా అర్జునుని దిగుమని, పిమ్మట తాను దిగెను. మరుక్షణమే ఆ దివ్యరథము భస్మమైనది. ద్రోణ కర్ణుల అస్త్రములచే అది ఎన్నడో దగ్ధమైనదనియు, తాను కూర్చుండుట చేతనే అంతవరకు నిలిచినదనియు స్వామి తెలిపెను. రథమును నిలిపినది రథము కాదు. ఏ కారును ఎన్నుకొందునని నిద్ర మానినవాడు, దానిని నడుపుచోట ఎవరిని కూర్చుండబెట్టుచున్నాడో ఒక్క రాత్రి విచారించినచో చాలును.

స్వస్తి.