టికెట్ మూస్తే పనైపోయినట్టేనా?

క్యాంపస్ ఇంటర్వ్యూలో ‘నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో పోస్టు’ అనగానే మనలో చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు. ‘సపోర్ట్ జాబేనా? కోడింగ్ లేదా?’ అంటారు. నేనూ అలా అన్నవాణ్నే. ఏడాదిన్నర ఆ సీట్లో కూర్చున్నాక అర్థమైంది.. అక్కడ అసలు కష్టం కేబుళ్లతో కాదు, చేతులు మారే బాధ్యతతో!

పని ఎలా సాగుతుందో చూడండి. ఓ విదేశీ కంపెనీకి అయిదు దేశాల్లో ఆఫీసులున్నాయి అనుకుందాం. వాటిని కలిపే నెట్‌వర్క్‌ను ఒక టెలికాం సంస్థకు అప్పగిస్తుంది. ఆ సంస్థకు అన్ని దేశాల్లోనూ సొంత లైన్లుండవు. గుమ్మం దాకా వచ్చే చివరి లైను అక్కడి ఆపరేటర్‌ది. సముద్రం కింది కేబుల్ తరచూ చాలా సంస్థల ఉమ్మడి ఆస్తి. రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే పని ఔట్‌సోర్సింగ్‌లో హైదరాబాద్‌కో, పుణెకో వస్తుంది. కస్టమర్‌కు మాత్రం వచ్చే బిల్లు ఒక్కటే, చేసే ఫోన్ నంబరూ ఒక్కటే. లైను పోతే ఆ ఫోన్ మోగేది మీ దగ్గరే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒప్పందంలో ‘99.9 శాతం’ అని ఉంటే ఏడాది మొత్తంలో సుమారు 8 గంటల 45 నిమిషాలు లైను ఆగొచ్చు. అదే 99.99 అయితే 53 నిమిషాలే. కానీ చివరి లైను ఇచ్చిన ఆపరేటర్‌తో ‘మర్నాటిలోగా బాగుచేస్తాం’ అన్న ఒప్పందమే ఉంటే? పైన ఇచ్చిన మాటకూ కింద రాసుకున్న కాగితానికీ పొంతన ఉండదు. ఆ మధ్యలో నలిగేది షిఫ్టులో ఉన్న ఇంజినీరే.

నా కథే చెప్తా. ఓ రాత్రి 9 గంటలకు అమెరికాలోని ఒక గోదాము లైను పోయింది. అక్కడ పట్టపగలు. స్థానిక ఆపరేటర్‌కు మెయిల్ పెట్టాను. గంటకోసారి టికెట్‌లో ‘వాళ్లు పరిశీలిస్తున్నారు’ అని రాస్తూ పోయాను. రెండింటికి టీమ్ లీడ్ వచ్చి అడిగాడు.. ‘ఎవరితో మాట్లాడావ్?’

‘మెయిల్ పెట్టాను అన్నా.’

‘మెయిల్‌తో కాదు, మనిషితో!’

ఫోన్ చేస్తే తేలింది. టెక్నీషియన్ ఎప్పుడో వెళ్లాడు. లోపలికి పంపమని ముందుగా ఎవరూ చెప్పకపోవడంతో గేటు దగ్గర సెక్యూరిటీ వెనక్కి పంపేశాడు. అయిదు గంటలు పోయాయి. ఏడాదికి 53 నిమిషాల హామీ ఒక్క రాత్రిలో గల్లంతు. నేను రాసిన ప్రతి అప్‌డేటూ నిజమే.. ఒక్కటీ పనికిరాలేదు.

కొన్నిసార్లు తప్పు ఎవరిదీ కాకపోవచ్చు. 2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగి, భారత్ సహా చాలా దేశాల్లో ఇంటర్నెట్ నెమ్మదించింది. ఫైబర్‌లో సిగ్నల్ సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్లగలదు. దారి 1,000 కిలోమీటర్లు పెరిగితే రానూపోనూ 10 మిల్లీసెకన్లు అదనం. ఎంత తిట్టినా అది తగ్గదు. ఈ సంగతి కస్టమర్‌కు నాలుగు వాక్యాల్లో అర్థమయ్యేలా చెప్పగలగడం కూడా ఇంజినీరింగే.

తప్పంతా ఉద్యోగులదే అనను. ఎన్ని టికెట్లు మూశారన్నదే కొలమానం చేస్తే కుర్రాళ్లు టికెట్లే మూస్తారు, సమస్యను కాదు. పనిని బయటికి అప్పగించొచ్చు. కస్టమర్‌కు ఇచ్చిన మాటను అప్పగించలేం. కంపెనీలు మర్చిపోతున్నది ఇదే.

ఇక మీ సంగతి. అలారం చూసి టికెట్ తెరిచే పనిని సాఫ్ట్‌వేరే చేసేస్తోంది. దాన్నే నమ్ముకుంటే కష్టం. రూటింగ్, బీజీపీ, లైనక్స్ గట్టిగా నేర్చుకోండి. ఏం జరిగింది, ఇప్పుడు ఎవరేం చేస్తున్నారు, మళ్లీ ఎప్పుడు చెప్తాం.. ఈ మూడూ ఉండేలా మెయిల్ రాయడం ప్రాక్టీస్ చేయండి. ఇంటర్వ్యూలో జీతం ఒక్కటే అడక్కండి. నైట్ షిఫ్టులెన్ని, ఎల్1 నుంచి ఎల్2కి ఎప్పుడు పంపుతారు, అవతలి ఆపరేటర్‌తో నేరుగా మాట్లాడే వీలుందా అనీ అడగండి. చివరి ప్రశ్నకు ‘లేదు’ అంటే మాత్రం, చేరేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.