రేకులకు వేలు, బోల్టుకు బేరాలా?

బరంపురం, గోపాల్‌పూర్ వైపు ఉండే మనవాళ్లకు అక్టోబరు అంటే దసరా ఒక్కటే కాదు, తుపాను కూడా. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటుతూ గంజాం, గజపతి జిల్లాలనూ కుదిపేసింది. ఫైలిన్ వెళ్లిన తెల్లారి మా వీధిలో ఒక ఇంటి రేకులు ఎక్కడో చెరువు గట్టున దొరికాయి. వాసాలు మాత్రం కదల్లేదు, వాటి నిండా మేకుల బొక్కలే. మేకులు రేకులతోపాటే లేచిపోయాయన్న మాట.

గాలి రేకును కిందికి నొక్కుతుందనుకుంటాం. నిజానికి పైకి లాగుతుంది. చూరు అంచున, మూలల్లో ఆ లాగుడు మరీ ఎక్కువ. నున్నటి మేకు చెక్కలోకి ఎలా దిగిందో అలాగే బయటికి వచ్చేస్తుంది. పక్కనుంచి పడే బరువును అది కాస్తుంది గానీ, పైకి లాగితే దానివల్ల కాదు. చట్రాలకు, పెట్టెలకు మేకు చాలు. పైకప్పుకు చాలదు. స్క్రూ మరలతో చెక్కను పట్టుకుంటుంది. ఇనప పైపుల మీద రేకు వేస్తే కొక్కెం బోల్టు, అదే జె బోల్టు, పైపును కిందనుంచి వాటేసుకుంటుంది. సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలైతే మిషనుతో తిప్పగానే తమ బొక్క తామే చేసుకుంటాయి.

అయితే వాషరు లేకపోతే ఇదంతా దండగ. రేకు పల్చన, బోల్టు తల చిన్నది. గాలికి కొట్టుకుని కొట్టుకుని బొక్క పెద్దదై, బోల్టు అక్కడే ఉండగా రేకు చిరిగి ఎగిరిపోతుంది. వెడల్పాటి వాషరు ఆ లాగుడును పంచుతుంది, దాని కింద రబ్బరు వాన నీటిని ఆపుతుంది. రబ్బరు నలిగి పొంగేదాకా బిగించే మేస్త్రీలున్నారు, అదీ తప్పే. కొక్కెం బోల్టుకు బొక్క రేకు గట్టు మీద వేయాలి, నీళ్లు పారే పల్లంలో కాదు.

ఇక ఉప్పుగాలి సంగతి. తళతళలాడే బోల్టంతా మంచిది కాదు. కరిగిన జింకులో ముంచి తీసినవి చూడ్డానికి మసగ్గా, గరుగ్గా ఉంటాయి, పూత మాత్రం మందం. సముద్రం పక్కన అవే నిలుస్తాయి.

తప్పు మేస్త్రీదే అనలేం. రేకులకు వేలు పోసి, బోల్టుల దగ్గర బేరమాడేది మనమే. కొట్లో ‘కంటా’ అంటే మేకులే తూచి ఇస్తాడు. కావలసిన దాని పేరు తెలియక అవే తెచ్చుకుంటాం. గంజాం తీరాన ఉన్న మన మత్స్యకార పల్లెల్లో తుపాను జాగ్రత్తల సభలు పెట్టే అధికారులు ఒక కొక్కెం బోల్టు, ఒక వాషరు చేతిలో పట్టుకుని తెలుగులో చెబితే కరపత్రాల కన్నా ఎక్కువ పని జరుగుతుంది.

సభ పెట్టేదాకా ఆగక్కర్లేదు. దసరా లోపు తెలిసిన మనిషిని పిలిచి, నిచ్చెన వేయించి, ముందు చూరు వెంబడి, తర్వాత మూలల్లో చూపించండి. ఊగుతున్నవి, తుప్పు పట్టినవి, రబ్బరు ఎండి పగిలినవి ఎన్నో లెక్కపెట్టించి, ఆ చీటీతోనే కొట్టుకు వెళ్లండి.