మోజు పెట్టె, పాత పాట

అమెరికాలో 2020లో ఎల్పీ రికార్డుల అమ్మకాల విలువ సీడీలను దాటింది. 1986 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఆ గాలి ఇక్కడికీ వీచింది. ముంబయిలో 2024లో మళ్లీ రికార్డుల ముద్రణ మొదలైంది. హైదరాబాద్ ఫ్లాట్ల డ్రాయింగ్ రూముల్లోకి చిన్న సూట్‌కేసు ఆకారంలో రంగురంగుల రికార్డు ప్లేయర్లు వచ్చి చేరుతున్నాయి. చూడముచ్చటగా ఉంటాయి, చవగ్గా దొరుకుతాయి, పెళ్లిరోజు కానుకకు బ్రహ్మాండంగా సరిపోతాయి. చిక్కల్లా వాటి మీద తాతగారి రికార్డులు పెట్టినప్పుడే.

తప్పు ముల్లుది. ఇలాంటి పెట్టెల్లో సాధారణంగా సిరామిక్ కార్ట్‌రిడ్జ్ ఉంటుంది. దాని ముల్లు రికార్డు మీద 5, 6 గ్రాముల బరువుతో ఆనుతుంది. మంచి మాగ్నెట్ కార్ట్‌రిడ్జ్‌కు 2 గ్రాములు చాలు. వినడానికి ఇదేం పెద్ద తేడా కాదు. కానీ ఆ బరువంతా వెంట్రుకకన్నా సన్నటి మొన మీదుగా గాడి గోడల మీద పడుతుంది. పాడిన ప్రతిసారీ పైస్థాయి స్వరాలు, హల్లుల పదును కొంచెం కొంచెంగా అరిగిపోతాయి. కొత్త రికార్డు పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. అటక మీంచి దించిన రికార్డుకు ఆ వెసులుబాటు లేదు.

అటక మీద ఉన్నవి ఎలాంటివో ఒకసారి చూడాలి. ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేసిన నాటి నుంచి ఈ దేశం మూడు నిమిషాల్లో పాడటం నేర్చుకుంది. తెలుగునాట ఆ మూడు నిమిషాల్లోకి ముందుగా దూరింది నాటకం. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి రంగస్థల నటుల గొంతులు నేటికి మిగిలాయంటే ఆ నల్లటి పళ్లేల పుణ్యమే. టంగుటూరి సూర్యకుమారి, రావు బాలసరస్వతీదేవి పాడిన లలితగీతాలు ఇంటింటికీ చేరింది కూడా రేడియోతోపాటు ఈ దారినే. వీటిలో చాలావాటికి క్యాసెట్ యోగం పట్టలేదు, సీడీ యోగమూ పట్టలేదు. ఎక్కడో ఒక ఇంట్లో మిగిలిన ప్రతే దిక్కు.

మన దగ్గర 78 రికార్డుల ఆయుష్షు కూడా ఎక్కువే. పాశ్చాత్య దేశాలు ఎల్పీలకు, 45లకు మారిపోయాక కూడా కరెంటు లేని ఊళ్లలో కీ ఇచ్చే గ్రామఫోన్లే పాడుతుండేవి. అందుకే 1960లలో బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78 రికార్డులుగా వచ్చాయి. విదేశీ సేకర్తలు వాటికోసం ఇప్పుడు ఎగబడుతుంటారు.

అయితే పాతదల్లా విలువైనది కాదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి శ్రీవేంకటేశ్వర సుప్రభాతం ఎల్పీ (1963), ఘంటసాల భగవద్గీత (1974) ఎన్ని ఇళ్లకు చేరాయో చెప్పలేం. అంత విరివిగా దొరుకుతాయి కాబట్టి ధర పెద్దగా పలకవు. పైగా ఒకటి రోజూ తెల్లారేసరికి, రెండోది ఊళ్లో ఎవరు పోయినా మోగేది. అరగని ప్రతి దొరకడం అదృష్టం. దీనికి పూర్తిగా వ్యతిరేకం 1980ల ఇళయరాజా ఎల్పీలు. జనం క్యాసెట్లకు మళ్లిన కాలంలో వచ్చినవి కాబట్టి తక్కువగా దొరుకుతాయి, ఎక్కువ ధర పలుకుతాయి. ఎకో లేబుల్ కనిపిస్తే అమ్మేవాడి గొంతే మారిపోతుంది.

ఎర్రగడ్డ ఆదివారం సంతలోనైనా, ముంబయి చోర్ బజార్‌లోనైనా, ఢిల్లీ జామా మసీదు దగ్గరి దుకాణాల్లోనైనా కొనేముందు చేయాల్సిన పని ఒకటే. రికార్డును ఏటవాలుగా వెలుతురుకు పట్టి చూడాలి. పైన గీతలున్నంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. గాళ్లు నిగనిగలాడకుండా బూడిదరంగుకు తిరిగితే మాత్రం వదిలేయాలి. బరువైన ముళ్లు దున్నేసిన రికార్డది, దాన్ని ఏ యంత్రమూ బాగుచేయలేదు. లేబుల్ మధ్య చిల్లు చుట్టూ సన్నటి గీతలు అల్లుకుపోయి ఉంటే, చీకట్లో తడుముకుంటూ వందలసార్లు పెట్టి తీశారని అర్థం. అట్ట ఎంత కొత్తగా ఉన్నా లేబుల్ అబద్ధం చెప్పదు. హెచ్.ఎం.వి. నంబర్లలో ‘ఇఎఎల్పీ’ అని ఉంటే మోనో, ‘ఇఎఎస్‌డీ’ అని ఉంటే స్టీరియో. మోనో అని చిన్నచూపు అక్కర్లేదు. ఆంప్లిఫయర్‌లో మోనో మీట ఉంటే నొక్కాలి. మోనో రికార్డులో పాట ముల్లును పక్కలకు కదుపుతుంది. దుమ్ము, అరుగుదల చేసే చప్పుడులో చాలాభాగం పైకీ కిందకీ కదిపేది. రెండు చానళ్లూ కలిసినప్పుడు ఆ చప్పుడు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పైసా ఖర్చు లేకుండా ఇంత మేలు చేసే మీట మరొకటి లేదు.

ఇక యంత్రం. సూట్‌కేసు పెట్టెను పక్కనపెడితే, కొత్తగా మొదలుపెట్టేవారికి ఆడియో టెక్నికా, ప్రోజెక్ట్, రేగా కంపెనీల ప్రాథమిక నమూనాలు సరిపోతాయి. టెక్నిక్స్ ఎస్.ఎల్. 1200 గురించి సేకర్తలు భక్తిగా మాట్లాడతారు. 1972లో వచ్చింది, 2010లో ఆపేశారు, 2016లో మళ్లీ తెచ్చారు. గట్టి యంత్రమే. కానీ అటక మీద ఇరవై రికార్డులున్న ఇంటికి అంత ఐరావతం ఎందుకు? చూడాల్సినవి వేరే. ముల్లు మార్చుకునే వీలుందా, బరువు సరిచేసుకునే వీలుందా, 78 వేగం ఉందా? మూడోది చాలామంది మరచిపోతారు. రేగా ప్లానార్ 1 అందంగా తిరుగుతుంది గానీ 33, 45 మాత్రమే. ఆడియో టెక్నికా ఎల్పీ 120లో 78 కూడా ఉంది. ఇంకో సంగతి, 78 గాడి ఎల్పీ గాడికంటే చాలా వెడల్పు. ఎల్పీ ముల్లు దాని అడుగున పడి దుమ్ములో దొర్లుతుంది. 78 ముల్లు వేరే కొనాలి. ఒకే కార్ట్‌రిడ్జ్‌కు రెండు ముళ్లూ దొరికే రకం తీసుకుంటే అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు.

పాటంతా సన్నగా, పీలగా, బేస్ లేకుండా వినిపిస్తోందని కొందరు ప్లేయర్‌ను వెనక్కి ఇచ్చేస్తుంటారు. పాపం దాని తప్పేమీ లేదు. రికార్డు మీద మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచి చెక్కుతారు. 1954 నుంచి దానికో ప్రామాణికమైన లెక్క ఉంది. ఆ లెక్కను తిరగేసి వినిపించేది ఫోనో ప్రీఆంప్. కొన్ని ప్లేయర్లలో అది లోపలే ఉంటుంది, పాత ఆంప్లిఫయర్లలో వెనకవైపు ‘ఫోనో’ అన్న ప్రత్యేక ప్రవేశం ఉంటుంది. రెండూ లేకపోతే చిన్న డబ్బా ఒకటి విడిగా కొనుక్కోవాలి.

తెలుగు ఇళ్లకు ప్రత్యేకంగా వర్తించే హెచ్చరిక మరొకటుంది. అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో అక్కడి సెకండ్‌హ్యాండ్ దుకాణంలో మంచి ప్లేయర్ చూసి, సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెస్తారు. 110 వోల్టులది కదా అని ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. తిరుగుతుంది. కానీ పాట ఈడ్చుకుంటూ వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. పాత బెల్ట్ ప్లేయర్లలో చాలావాటి మోటారు వేగం ఆ ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది. నిమిషానికి 33⅓ సార్లు తిరగాల్సిన పళ్లెం 28 సార్లు కూడా తిరగదు. ఐదు శ్రుతిలో పాడిన గాయని దాదాపు మూడు శ్రుతికి దిగిపోతుంది. 50 హెర్ట్జ్‌కు సరిపోయే మోటారు కప్పీ వేయించాలి, లేదంటే డీసీ మోటారు ప్లేయరే తేవాలి. తెచ్చేముందు వెనక రాసిన అక్షరాలను ఫోటో తీసి పంపమంటే సరిపోతుంది.

మిగిలిందల్లా శుభ్రం చేయడం. రికార్డులను నిలువుగా పేర్చాలి, ఎండ తగిలే గోడకు దూరంగా ఉంచాలి. విశాఖ లాంటి సముద్రతీర ఊళ్లలో బూజు అట్టను తినేశాక గాళ్లలోకి దిగుతుంది. ఎల్పీ అయితే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బునీరు కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి. కొందరు స్పిరిట్ కలుపుతారు. 78 దగ్గర మాత్రం ఆ పని పొరపాటున కూడా చేయకూడదు. 78 రికార్డు లక్కతో చేసింది. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఒక్కసారి గుడ్డతో రుద్దితే గుడ్డకు నలుపు అంటుతుంది, ఆ నలుపులోనే పద్యమూ పోతుంది.