లెక్క చాలునా?

శ్రీహరికోటనుండి వాహకనౌక లేచునపుడు కన్నులకు గనబడునది మంట. లోనున్న ఉపగ్రహమును బాధించునది ధ్వని. వెడలు జ్వాల గాలిని గలచి పుట్టించు ఘోష శిరఃకవచమును దాటి లోనికి బోవును. అచట నది యించుమించు 140 డెసిబెళ్ళవరకు నుండవచ్చును. బరువైన పెట్టెలకంటె పలుచని సౌరఫలకములకును, వెడల్పైన ఆంటెన్నాలకును అపాయము హెచ్చు.

ఈ కంపనమును కంప్యూటరే ముందుగా లెక్కగట్టుచుండగా నిర్మాణమును శబ్దశాలలో నేల వడకింపవలెనని పొదుపరులు ప్రశ్నింపవచ్చును. లెక్కకు బరువు తెలియును, బిగువు తెలియును. ఒక బోల్టు అతుకువద్ద, ఒక రివెట్టువద్ద రాపిడివలన కంపన మెంత యణగునో తెలియదు. ఆ సంఖ్యను పరీక్షనుండియే యెరువు తెచ్చుకొనవలెను. అది సగమైనచో, ఒకే స్వరమునకు అనునాదమున వడకు రెట్టింపగును. ఎరువు తెచ్చుకొన్నవాడు ఇచ్చినవానిని వాకిట నిలుపుట యేమి న్యాయము?

పరీక్షయన్న నేదో యొక పరీక్ష గాదు. 1981 ఏప్రిల్ 12న అమెరికావారి కొలంబియా నౌక తొలిసారి లేచినపుడు, ఘనేంధన యంత్రములు రగిలిన క్షణమున బుట్టిన పీడనతరంగము అంచనాను పలురెట్లు మించెను. అంతకుముందు చిన్న నమూనాలతో పరీక్షించియే యుండిరి. కాని నమూనాలోని యంత్రములు అసలువానివలె రగులలేదు. నౌక దిగివచ్చిన పిమ్మట చూడగా 16 ఉష్ణకవచపు పలకలు ఊడియు, 148 దెబ్బతినియు నుండెను. రెండవ యాత్రకు ముందు నీటిధారల యేర్పాటును బలపరచిరి.

మనవారి త్రోవ మంచిది. చంద్రయాన్-3 ను 2023 జూలై 14న పంపుటకు ముందే, మార్చి మొదటివారమున, కంపన ధ్వని పరీక్షలకు లోబరచిరి. బెంగుళూరు జాతీయ వైమానిక ప్రయోగశాలయందు 1100 ఘనమీటర్ల శబ్దశాల కలదు. ఇట్టి శాలలలో మైక్రోఫోనులు ధ్వనిని, అంటించిన త్వరణమాపకములు వడకును గొలుచును. కొలతకును లెక్కకును పొత్తు కుదరనిచో, కొలత దోషము కాదని తేల్చుకొన్న పిదప, దిద్దవలసినది లెక్కనే.

మా చింత చిన్న సంస్థలనుగూర్చి. 2022 నవంబరు 18న హైదరాబాదుకు చెందిన స్కైరూటు వారి విక్రమ్-ఎస్ శ్రీహరికోటనుండి యెగసెను. ఈ రంగమునకు క్రొత్తగా వచ్చువారందరును సొంత శబ్దశాలలు గట్టుకొనజాలరు. గడువు తరుముచుండ, ధనము తరుగుచుండ, లెక్కతోనే సరిపెట్టుకొను ప్రలోభము గలుగుట సహజము. ప్రభుత్వ శాలలను వారికి భరింపదగు వెలకు, చెప్పిన గడువులోపల నొసగవలెను. ప్రజాధనముతో జరిగిన పరీక్షల కొలతలను, రహస్యములు కానంతవరకు, మన విశ్వవిద్యాలయములకు గూడ నీయవలెను. అవి బీరువాలలోనే యుండిపోయినచో మన విద్యార్థులు పరదేశపు పుస్తకములలోని సంఖ్యలతో మన నౌకలకు లెక్కలు గట్టవలసివచ్చును.