బంతి తిరిగి చేతికిచ్చేవాడే లీడర్



మన బ్రూస్‌పేటలో బెంగళూరులోనో హైదరాబాదులోనో సాఫ్ట్‌వేర్ చేసే పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. పండక్కి వచ్చినప్పుడు జీతం ఎంతని అడుగుతాం. "మీ టీమ్ లీడ్ ఎలాంటివాడు నాయనా?" అని మాత్రం అడగం. ఆ పిల్లల నిద్ర, ధైర్యం సగం ఆయన చేతిలోనే ఉంటాయి.

సత్య నాదెళ్ల తండ్రి యుగంధర్ గారిది మన పక్కనున్న అనంతపురం జిల్లా బుక్కాపురం. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో సత్య క్రికెట్ ఆడుతున్నప్పుడు ఒక మ్యాచ్‌లో బౌలింగ్ సరిగ్గా పడలేదు. కెప్టెన్ తనే బంతి తీసుకుని వికెట్ పడగొట్టాడు. తర్వాత బంతిని మళ్లీ సత్యకే ఇచ్చాడు. 2017లో వచ్చిన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో ఆయనే ఈ సంగతి రాసుకున్నారు.

ఆ పాఠం ఆయన మరిచిపోలేదు. 2016లో మైక్రోసాఫ్ట్ చాట్‌బాట్ 'టే' చెడ్డ మాటలు నేర్చుకుని కంపెనీ పరువు తీసింది. సీఈఓగా ఆయన ఆ టీమ్‌ను తిట్టలేదు. మీ వెంట నేనున్నాను, ఆగకండి అని రాశారు. 2014లో మహిళల జీతాల పెంపు గురించి తానే తప్పుగా మాట్లాడినప్పుడు, అదే రోజు ఉద్యోగులకు తప్పు ఒప్పుకున్నారు.

గడువు ముంచుకొస్తే లీడ్ తనే కూర్చుని పని పూర్తి చేయాల్సి రావచ్చు, కాదనం. కానీ అక్కడితో ఆగితే అది సాయం కాదు, లాక్కోవడం.

మనమూ అదే చేశాం. ఆహ్వాన పత్రికలో ఒక్క పేరు తప్పు పడిందని కుర్రాళ్ల దగ్గర్నుంచి ఆ పని తీసేసుకున్నాం. మళ్లీ ఇవ్వలేదు. వచ్చే ఉగాదికి ఆ బంతి వాళ్ల చేతికే ఇద్దాం.