బి.ఎన్. రెడ్డి కొలిచి చూపిన దూరం

రాయలసీమ అనగానే తెలుగు సినిమాకు గుర్తొచ్చేవి దుమ్ము లేపుకుంటూ దూసుకొచ్చే సుమోలు, గాల్లోకి లేచే వేటకొడవళ్లు. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఘనవిజయం తర్వాత ఈ ముద్ర మరీ గట్టిపడింది. కానీ తెలుగు తెరకు దృశ్యభాష నేర్పినవాళ్లలో ముందు వరుసలో నిలిచే బి.ఎన్. రెడ్డి కూడా ఈ సీమవాడే. 1908లో కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో పుట్టారు. దక్షిణాది నుంచి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం మొదట అందుకున్నది ఆయనే. ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా విలువలు, అభిరుచి, సాహిత్య ప్రేమ అంటాం. నిజమే కానీ, ఆ పొగడ్తల చాటున ఆయన పనితనం కనపడకుండా పోతోంది. ఇద్దరు మనుషుల మధ్య ఎంత ఎడం ఉండాలో, ఆ ఎడం ప్రేక్షకుడి కంట ఎప్పుడు పడాలో లెక్కగా నిర్ణయించిన దర్శకుడాయన.

1951 నాటి ‘మల్లీశ్వరి’నే తీసుకుందాం. బావామరదళ్లు నాగరాజు, మల్లి మొదట్లో ఎప్పుడూ ఒకే చట్రంలో, ఒకరి పక్కన ఒకరుగా ఉంటారు. వాన ముంచుకొస్తుంటే ఎడ్లబండి మీద ఇంటికి పరుగుతీసే పాటలో బండి, గిత్తలు, ఆ ఇద్దరి ఉత్సాహం అన్నీ కలిసి ఒకే కదలిక అవుతాయి. ఆ వానకు తలదాచుకున్న చోటే మల్లి ఆటపాటలను మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు, పెద్దన చూస్తారు. నాగరాజు వేళాకోళానికి మల్లికి పల్లకీ పంపమని వాళ్లతో అంటాడు. తర్వాత మల్లిని అంతఃపురానికి తీసుకెళ్లేందుకు ఆ పల్లకీ నిజంగానే వస్తుంది. అక్కడ ఎవరి క్రూరత్వమూ లేదు. రాజమర్యాదతో అలంకరించిన ఒక వస్తువు ఇంటిముందు ఆగడంతోనే రెండు జీవితాలు విడిపోతాయి. ఆ తర్వాత మబ్బును రాయబారం పంపే పాటలో ఆమె ఒకచోట, అతను మరొకచోట. ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలింది ఆకాశమే. కెమెరా ఇటునుంచి అటు పోయినప్పుడల్లా బండి మీద వాళ్లు కూర్చున్న తీరు మనకు గుర్తొస్తుంది. ఆ కలయికను ముందు అంత నిండుగా చూపకపోతే ఈ విరహం ఇంత బరువుగా ఉండేది కాదు. అంతఃపురం కూడా ఆడంబరం కోసం కట్టిన సెట్టులా ఉండదు. మల్లికి, బయటి లోకానికి నడుమ గోడలా నిలుస్తుంది.

ఈ ఘనత దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలదీ, సాలూరి రాజేశ్వరరావు బాణీలదీ, ఆది ఇరానీ కెమెరాదీ, ఎ.కె. శేఖర్ కళాదర్శకత్వానిదీ కాదా అని అడగొచ్చు. వాళ్లందరిదీ కూడా. అయితే ఇంతమంది దిగ్గజాలు ఎవరి దారిన వాళ్లు మెరవకుండా ఒకే భావానికి లొంగి పనిచేశారంటే, ఆ లొంగుబాటును రాబట్టిన వాడొకడు ఉండాలి. ఆ తర్వాతి ‘బంగారు పాప’కు రచయిత పాలగుమ్మి పద్మరాజు, సంగీతం అద్దేపల్లి రామారావు. రాజులు లేరు, అంతఃపురాలు లేవు. పగతో రగిలే మొరటు మనిషిగా ఎస్.వి. రంగారావు, అతని చేతికి దొరికిన పసిపాప. ఆ భారీ మనిషికీ ఆ చిన్న ప్రాణానికీ ఉన్న తేడానే కథను నడిపిస్తుంది. మనుషులు మారినా చూపు మారలేదు.

నిదానం అన్నది రెండో అభ్యంతరం. నేటి వేగానికి అలవాటుపడిన కంటికి ‘మల్లీశ్వరి’ నెమ్మదిగానే అనిపిస్తుంది. కానీ అందులో ఊరికే సాగదీసిన చోట్లు తక్కువ. నాగరాజు వేళాకోళం మాట ఎంత తేలిగ్గా జారిపోతుందో గమనిస్తే, పల్లకీ వచ్చినప్పుడు గుండె ఎందుకు జారుతుందో తెలుస్తుంది. ఆ రెంటి మధ్య గడిచిన సమయమే దెబ్బకు బలమిచ్చింది. దాన్ని కత్తిరిస్తే వేగం మిగులుతుంది, బాధ మిగలదు.

ఇందులో కడప ఎక్కడుందన్న ప్రశ్నకు మాత్రం తేలిగ్గా జవాబు చెప్పలేం. బి.ఎన్. సీమ పల్లెను, కరువును తెరకెక్కించడమే ధ్యేయంగా పెట్టుకోలేదు. ఆ లోటు ఒప్పుకోవాల్సిందే. అయినా ‘మల్లీశ్వరి’లోని విజయనగరం సీమకు పరాయి చరిత్ర కాదు. ఒకప్పుడు హంపి భాగంగా ఉన్న బళ్లారి, కడప, కర్నూలు, అనంతపురం దత్తమండలాలుగా ఒకే పాలన కింద ఉన్నవే. పైగా కథాస్థలం సీమ అయినంత మాత్రాన చూపు సీమది కాదు. ‘ఒక్కడు’లో కర్నూలు కొండారెడ్డి బురుజును గుణశేఖర్ ఎంతో నేర్పుగా వాడుకున్నారు. ఆ తర్వాత ఆ ఊరి పేరు చెబితే బురుజు ముందు కొట్లాటే చాలామందికి తలపుకొస్తుంది. సీమ కుర్రాళ్లకు తమ నేల గురించి తెర చెప్పేది అదొక్కటే కాకూడదు. కడపలోని వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ‘మల్లీశ్వరి’ని ఒక్కో షాట్ దగ్గర ఆపి పాఠంగా చెప్పాలి. వర్ధంతికి దండ వేయడం కంటే అది బి.ఎన్.కు ఎక్కువ గౌరవం, కెమెరా పట్టబోయే సీమ పిల్లలకు ఎక్కువ ఉపయోగం.